ఆముదం కలవని సీసా

ఆఫ్తాబ్ బుద్ధిగా రేడియోలు బాగుచేసుకుంటూ బతికుంటే ఈ కథే లేదు. చోడవరం బస్టాండు వెనక సందులో అతని కొట్టు. ఊళ్లో సగం టేపురికార్డర్లు అతని చేతి చలవ వల్లే పాడుతున్నాయి. అంతటి పనివాడికి బొమ్మ విమానం పిచ్చి పట్టింది చూడండి, అదీ నలభయ్యో పడి దగ్గరకొచ్చేక!

జెడ్డాలో డ్రైవరు పని చేసే బావమరిది తెచ్చిచ్చిన విమానం అది. రెండు మూరల రెక్కలు, లోపల చిన్న మోటారు, ఛార్జింగు బ్యాటరీ. సన్నటి తీగలు పట్టుకుని మధ్యలో మనం తిరుగుతుంటే చుట్టూ అది ఎగిరేది. చెరుకు నరికేసిన మళ్లో కొన్నాళ్లు బాగానే ఎగిరింది. తరవాత బ్యాటరీ చచ్చింది. అలాంటిది విశాఖపట్నంలో కూడా దొరకలేదు. ఇంకొకడైతే దాన్ని అటక మీద పడేసేవాడు. ఇతను కాలేజీ పిల్లలకి విమానం బొమ్మలు నేర్పే మాస్టార్ని ఒకాయన్ని పట్టుకుని, ఆయన వాడి పక్కన పెట్టేసిన గ్లో ఇంజను సంపాదించేడు. గుప్పిట్లో పట్టేసేటంత ఇంజను. దాని ప్లగ్గుకి ఒక్క సెల్లు తగిలించి ఎర్రగా కాలనిచ్చి, ముందున్న పంకా రెక్కని విసురుగా తిప్పితే గీమని అందుకుంటుంది. అందుకున్నాక సెల్లు తీసేసినా ఆగదు.

మోటారు పీకేసేడు. ఇంజను అదురుకి ముక్కు ఊడిపోకుండా ప్లైవుడ్డు పలక అతికించేడు. కర్ర నూనె పీల్చెయ్యకుండా లోపలంతా జిగురు పూత పూసేడు. బ్యాటరీ ఉన్నచోట చిన్న ట్యాంకు కూర్చోబెట్టి, ముక్కు బరువెక్కిందని తోకలో సీసం ముక్క ఇరికించేడు. ఇంత చేసినా ఆ మహరాజు పెట్రోలు తాగడు! మిథనాల్ అనే స్పిరిట్టు కావాలి. అందులో గానుగాముదం కలిపి పొయ్యాలి. మిథనాల్ వచ్చింది, ఆముదం వచ్చింది. ఎగరేసే రోజున తాజాగా కలుపుదాంలే అని ఆఫ్తాబ్ రెండూ వేరువేరుగా ఉంచేడు. ముందే కలిపేసుంటే ఆ ఆముదం జిడ్డుకి ఏ మనిషీ దాన్ని నోట్లో పోసుకునేవాడు కాదు. ఖర్మ, ఏం చేస్తాం!

ఇక పరదేశి సంగతి. గోవాడ పక్కన పల్లెలో చెరుకు రైతు, ఆఫ్తాబ్‌కి హైస్కూలు నుంచీ స్నేహితుడు. విమానాన్ని పట్టుకుని వదిలేది వాడే, పడితే పరిగెట్టి తెచ్చేదీ వాడే. మనిషి బంగారం, సాయంత్రమైతే మాత్రం చుక్క పడాలి. మద్యనిషేధం వచ్చి రెండో ఏడు నడుస్తోంది. పైగా వాడి పెళ్లాం చిన్నతల్లి సారా మీద కత్తి కట్టిన మనిషి. ఆడవాళ్లని వెంటేసుకుని పోలీసుల్ని పిలిపించి కుండలు పగలగొట్టించింది. అందుకని పరదేశి తన సీసా తెచ్చి ఆఫ్తాబ్ కొట్లో, వెనక అలమార్లో పెట్టేడు.

"ఒరే ఆఫ్తాబూ, నమాజు సేసుకునే వోడి కొట్లో పోలీసోడు సారా ఎతుకుతాడేట్రా?" అని నవ్వేడు.

"మా అమ్మీకి తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి తంతాది" అన్నాడు ఆఫ్తాబ్. వద్దని మాత్రం అన్లేదు.

మిథనాల్ పోసుకోడానికి గాజు సీసా కావలిస్తే, పరదేశి తను ఖాళీ చేసిన సీసానే కడిగిచ్చేడు. అదీ ఆ అలమార్లోకే చేరింది. రెండూ ఒకేలాంటి సీసాలు, రెండింట్లోనూ నీళ్లలాంటి సరుకు. మధ్యన పాత రేడియో పెట్టి ఉండేది, అటుది నీదీ ఇటుది ఇంజనుదీ అని. ఆ రోజు ఎవరో విడిభాగం అడిగితే ఆఫ్తాబ్ ఆ రేడియో తీసి బల్ల మీద పెట్టేడు. తిరిగి పెట్టడం మరిచిపోయేడు.

సాయంత్రం పరదేశి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు దింపేసి, ఒళ్లంతా దుమ్ముతో వచ్చేడు. ఆఫ్తాబ్ విమానం ముక్కు పలకని ఒక చేత్తో నొక్కిపట్టుకుని ఉన్నాడు, జిగురు ఆరేవరకూ కదపకూడదు. రెండో చెయ్యి వెనక్కి చాపి తడిమి, దొరికిన సీసా అందించేడు. తల కూడా తిప్పలేదు. పరదేశి గ్లాసులో నీళ్లు కలుపుకుని గుటకేసేడు.

"ఏట్రా ఈయేళ కంపే లేదు? మంచి సరుకు దొరికినట్టుంది!"

"నాకేటి తెలుసురా, నేనేమైనా తాగేనా?" అన్నాడు ఆఫ్తాబ్. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆఫ్తాబ్ ఇంధనం కలపడానికి కూచున్నాడు. గ్లాసులో కొంచెం పోసి ఆముదం వేసేడు. మిథనాలైతే ఆముదాన్ని ఇట్టే కలుపుకుంటుంది. ఇది కలుపుకోలేదు. తెల్లగా విరిగిపోయి, ఆముదం బొట్లు బొట్లుగా విడిపోయింది. మళ్లీ గిలక్కొట్టేడు. మళ్లీ విడిపోయింది. నీళ్లున్న సరుకైతేనే అలా అవుతుంది. సీసా వాసన చూసేడు. గుప్పుమంది. ఇది సారా అయితే, మరి పరదేశి తాగిందేమిటి?

మిథనాల్ తాగితే కళ్లు పోతాయని మాస్టారు చిలక్కి చెప్పినట్టు చెప్పేడు. ఆ క్షణాన సైకిలెక్కి డాక్టరు దగ్గరికి పోవాలి గదా ఈ పెద్దమనిషి! పోలేదు. పోలీసులొస్తే ముందు దొరికేది ఈ సారాయే అని తోచింది. సీసాడు సారా మురిక్కాలవలో పారబోసేడు. అప్పుడు సైకిలెక్కి పల్లెకి పోయేడు.

పరదేశి వాకిట్లో మంచం మీద కూచుని కణతలు నొక్కుకుంటున్నాడు. చిన్నతల్లి గొడ్లకి మేత వేస్తోంది.

"ఏట్రా పొద్దున్నే?" అన్నాడు పరదేశి.

"ఏటీ లేదు. ఊరికినే. ఎలాగున్నావు?"

"తల పగిలిపోతంది. నిన్న కాస్త ఎక్కువైనట్టుంది. సెప్పకు దానికి."

నాలిక చివరిదాకా వచ్చింది మాట. మనిషి మామూలుగానే ఉన్నాడు, కబుర్లు చెబుతున్నాడు, ఏనుగులాంటి వొళ్లు, తట్టుకుంటాడులే అని ఆఫ్తాబ్ తనకి తనే చెప్పుకున్నాడు. చిన్నతల్లి టీ ఇస్తానంటే కూడా ఆగలేదు.

మధ్యాహ్నం ఆవిడే రొప్పుకుంటూ కొట్టుకొచ్చింది. "అన్నియ్యా, ఆడు వాంతులు సేసుకుంటన్నాడు. ఇంతెండలో మంచు పడతందంటన్నాడు, నా మొకం ఆనటం లేదంటన్నాడు. రిచ్చాలో డాక్టరుగారి కాడికి తెచ్చేను, రా!"

డాక్టరు టార్చి వేసి పరదేశి కళ్లు చూసి, ఏం తాగేడని అడిగేడు. ఆఫ్తాబే చెప్పేడు, నిన్న సీసా మారిపోయి మిథనాల్ తాగేడని.

"మిథనాలా?" డాక్టరు టార్చి ఆర్పేసేడు. "దానికి విరుగుడు తాగే మందేనయ్యా. సారాయో బ్రాందీయో నీళ్లు కలిపి పట్టాలి. అది లోపలుంటే ఈ విషం పని చెయ్యడం ఆలస్యమవుతుంది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపించాలి, కారు మాట్లాడతాను. ఈలోగా పట్టడం మొదలెట్టాలి. ఎక్కడైనా దొరికితే తెండి, పరిగెట్టండి!"

ఆఫ్తాబ్ కళ్ల ముందు మురిక్కాలవ కదిలింది. యా అల్లా, ఎంత పని చేసేను, అని గోడకి చేరబడిపోయేడు. చిన్నతల్లి అప్పటికే గుమ్మం దాటింది. అతనూ వెనకే పరిగెట్టేడు.

చాటుగా సారా అమ్మే దేముడమ్మ ఇంట్లో సరుకుందని ఊరందరికీ తెలుసు. చిన్నతల్లి కిందటి నెల కుండలు పగలగొట్టించింది ఆవిడ ఇంట్లోనే. ఇప్పుడు మొగుడికి మందుగా ఒక సీసా ఇమ్మని అడిగింది.

"మొగుడి పేరెట్టి పోలీసోల్ని తెచ్చేవేటే? నా ఇంట్లో సుక్క లేదు" అంది దేముడమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"పోలీసులు లేరు పిన్నీ. ఆడి సూపు పోతంది. నీ కాళ్లట్టుకుంటాను."

"అలాగైతే ముందు నువ్వు తాగు. తాగినదానివి రేపు సాచ్చికం సెప్పలేవు గదా."

ఆఫ్తాబ్ బతిమాలేడు, దండాలు పెట్టేడు. దేముడమ్మ కరగలేదు. వీధంతా పోగైంది. వాళ్లలో చిన్నతల్లి వెంట కుండల మీదకి పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. దేముడమ్మ లోపలికెళ్లి గ్లాసుడు తెచ్చిచ్చింది. చిన్నతల్లి కళ్లు మూసుకుని అందరి ముందూ తాగింది. పొలమారి, పైటచెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అప్పుడొచ్చింది సీసా.

డాక్టరు పట్టించేడు. కారొచ్చింది. పెద్దాసుపత్రిలో పరదేశి ప్రాణం నిలబెట్టేరు. చూపు మాత్రం తిరిగి తేలేకపోయేరు.

ఇంటికి తెచ్చేక ఆఫ్తాబ్ చూడ్డానికి వెళ్లేడు. పరదేశి లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. గుమ్మంలో చిన్నతల్లి బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"సీసా మారిపోడం పొరపాటు అన్నియ్యా. ఒకేలాటి సీసాలు, ఎవుడికైనా అవుద్ది. నేనేటీ అనుకోలేదు" అంది.

ఆఫ్తాబ్ లోపలికి పోదామని చెప్పులు విడిచేడు.

"పెద్దాసుపత్రి డాక్టరు సెప్పేరు. పొద్దున్నే తెచ్చుంటే సూపు దక్కేదట." చేట పక్కన పెట్టింది. "ఆ రోజు పొద్దున్న మా ఇంటికొచ్చేవు గదా. ఊరికినే అన్నావు. ఏటికొచ్చేవన్నియ్యా?"

అబద్ధమాడదామనే అనుకున్నాడు. నోరు రాలేదు.

"తెలిసే వచ్చేను చెల్లీ. మనిషి బాగానే ఉన్నాడనుకున్నాను. చెప్పడానికి భయమేసింది."

లోపల మంచం కిర్రుమంది. పరదేశి లేచి కూచుని, గోడ తడుముకుంటూ గుమ్మందాకా వచ్చేడు. చెయ్యి చాపి పెళ్లాం భుజం పట్టుకున్నాడు.

"ఆణ్ని ఎల్లమను" అన్నాడు.