బీరువాలో దీప్తి గుండెలు

రెంటచింతల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఝాన్సీలక్ష్మి తెల్లారకముందే లేచి, గచ్చు కడిగి, కూలర్‌లో నీళ్ళు పోసి, బీరువా తెరిచి పట్టుచీరల కింద చెయ్యిపెట్టి తడిమేది. క్యాసెట్ చేతికి తగిలాక మళ్ళీ తాళం వేసి, అప్పుడు పొయ్యి దగ్గరికి పోయేది. ఏళ్ళ తరబడి ఆవిడ పొద్దు అట్లాగే మొదలయ్యేది.

అది పాత వీడియో గేమ్ క్యాసెట్. అందులో ఆవిడ కూతురు దీప్తి ప్రాణం ఉంది. దీప్తికి ఎనిమిదేళ్ళప్పుడు జ్వరం తలకెక్కి డాక్టర్లు చేతులెత్తేస్తే, పక్కన కూర్చున్న అన్న భరత్ ఏడుస్తూ ఏడుస్తూ, ఆటలో పేరు అడిగిన చోట చెల్లెలి పేరు కొట్టి సేవ్ చేశాడు. జ్వరం దిగింది. అప్పట్నుంచీ దీప్తికి దెబ్బ తగిలితే నెత్తురు రాదు, నొప్పి పుట్టదు. టీవీలో ఆమె పేరు పక్కనున్న ఎర్ర గుండెల్లో ఒకటి తగ్గుతుంది. కంటినిండా నిద్రపోతే మళ్ళీ నిండుతుంది. వీధిలో వాళ్ళు అన్నం తిన్నారా అని అడిగినట్టే, పిల్లకి గుండెలు నిండుగా ఉన్నాయా అని అడిగేవాళ్ళు.

దీప్తి పదో తరగతిలో ఉండగా ఎవరో అన్నారు, ఆ క్యాసెట్ లోపల వాచీ సెల్లు లాంటిది ఉంటుందని, అది అయిపోతే దాచిందంతా తుడిచిపెట్టుకుపోతుందని. ఝాన్సీలక్ష్మి టార్చిలైటు సెల్లు కూడా పొదుపుగా వాడే మనిషాయె, వాడితేనే కదా అరిగేది అనుకుంది. ఆ పూటే క్యాసెట్ తీసి బీరువాలో పెట్టేసింది. ఇక ఎవరినీ ఆన్ చెయ్యనివ్వలేదు.

గుండెలు కనబడకపోయేసరికి భయం రెట్టింపయింది. సైకిల్ మాన్పించింది. మేడ మెట్లు ఎక్కనిచ్చేది కాదు. దీప్తి పట్టుబట్టి గురజాలలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరితే, తల్లి రోజూ వెంటపోయి గేటు దగ్గర కూర్చుంది. తీరా మాచర్లలో ఉద్యోగం వచ్చాక ఒంటరిగా బస్సెక్కడం కుదరదంది. ఊళ్ళో అందరి నెత్తురూ తీయగల పిల్ల ఇంట్లో కూర్చుని పచ్చళ్ళు పెడుతోంది.

ఈ మే నెలలో ఒకరోజు ఆవకాయ కలుపుతూ దీప్తి మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి బేసిన్‌లో ఉంది, నోరు సగం తెరిచి ఉంది, రెప్ప పడటం లేదు. ఝాన్సీలక్ష్మి పిలిచింది, కుదిపింది, ఏడుపు అందుకుంది. కాసేపటికి దీప్తి ఆగిన చోటినుంచే మాట పూర్తి చేసి, అమ్మ ఎందుకు ఏడుస్తుందో అర్థంకాక చూసింది. మర్నాడు మళ్ళీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు.

భరత్ ఉద్యోగానికని ఎప్పుడో దూరం పోయాడు. మాచర్ల బస్టాండు దగ్గర ఫోన్లూ పాత టీవీలూ బాగుచేసే ముజమ్మిల్‌కి కబురుపెడితే సామాను సంచితో వచ్చాడు. క్యాసెట్‌ని ఎంత భద్రంగా దాచిందీ ఝాన్సీలక్ష్మి చెబుతుంటే, అతను తల దించుకుని విన్నాడు.

"పెద్దమ్మా, ఆట నడిచేటప్పుడు అది కరెంటు మీద బతుకుద్ది," అన్నాడు నెమ్మదిగా. "తీసి పక్కన పెడితేనే సెల్లుని తింటది. మామూలుగా పదిహేనేళ్ళు వస్తది, ఇరవై కూడా వస్తది. ఈ ఎండల్లో, ఈ ఇనప బీరువాలో ఇన్నాళ్ళు ఎట్టా ఆగిందో నాకైతే తెలవదు."

కాపాడుకుంటున్నానని తాళం వేసిన ప్రతిపొద్దూ కూతుర్ని కొంచెం కొంచెం ఖర్చుపెట్టానని ఝాన్సీలక్ష్మికి అప్పుడు తెలిసింది.

ముజమ్మిల్ డబ్బా టీవీకి తీగలు కలిపి, పెంకు ఊడదీసిన క్యాసెట్‌ని గేమ్ పెట్టెలో పెట్టి ఆన్ చేశాడు. దీప్తి పేరు వచ్చింది. పక్కన అర గుండె ఉంది. ఆట నడుస్తుండగానే పాత సెల్లు తీసి కొత్తది అతికిస్తానని, ఆ కాసేపు కరెంటే దిక్కని, ఎవరూ స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పాడు. క్యాసెట్ కదలకుండా దీప్తి రెండు చేతులా పట్టుకుంది. అతను స్క్రూడ్రైవర్‌తో పాత సెల్లుని లేపి పక్కన పడేశాడు. కొత్తది పెట్టబోతూ సోల్డరింగ్ కడ్డీ ఆనించాడు. సన్నగా పొగ లేచింది.

పోయిన ఎండాకాలం పక్కింట్లో షార్ట్ సర్క్యూటై ఇల్లంతా తగలబడింది. అప్పట్నుంచీ ఆ వీధిలో మాడు వాసన వస్తే ఆడవాళ్ళ చెయ్యి ముందు మెయిన్ స్విచ్చి మీదికే పోతుంది. ఝాన్సీలక్ష్మి చెయ్యీ పోయింది. కూలర్ ఆగింది. టీవీ నల్లబడింది.

"పెద్దమ్మా," అని మాత్రం అన్నాడు ముజమ్మిల్.

ఆవిడ గోడవైపే నిలబడిపోయింది. తిరిగి చూస్తే ఏం కనబడుతుందోనని చెయ్యి మెయిన్ మీదనుంచి తియ్యలేదు. అంత భయం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"అబ్బా."

ఆ మాట దీప్తి నోట విని ఎన్నేళ్ళయిందో. ఝాన్సీలక్ష్మి గిర్రున తిరిగింది. టీవీ నల్లబడగానే ఉలిక్కిపడ్డ ముజమ్మిల్ రెండో చేతిలోని స్క్రూడ్రైవర్ దీప్తి వేలికి గుచ్చుకుంది. వేలిమీద ఎర్రటి చుక్క ఊరుతోంది. దీప్తి దాన్నే చూస్తోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చూపు తిప్పడం లేదు.

మెయిన్ వేస్తే, పేరుండే చోట ఖాళీ గడి మిణుకుమిణుకుమంటోంది. ఝాన్సీలక్ష్మి ముజమ్మిల్ రెండు చేతులూ పట్టుకుని, మళ్ళీ పేరు కొట్టు నాయనా అని బతిమాలింది.

"ఆగమ్మా," అంది దీప్తి. గూట్లోంచి కాలేజీ నాటి, నెత్తురు చుక్క పరీక్షించే గాజు పలక తీసి, వేలిని దానిమీద నొక్కింది. "నా గ్రూపు ఏందో చూసుకోవాల. ఇన్నేళ్ళూ నా దగ్గర చుక్క దొరకలా."

సోమవారం పొద్దున దీప్తి వేలికి గుడ్డ చుట్టుకుని, ల్యాబ్ పనికని ఒంటరిగా మాచర్ల బస్సెక్కింది. బస్సు కదిలాక, ఎదురింటి పిచ్చమ్మ ఎప్పటిలాగే పిల్లకి గుండెలు ఎన్నున్నాయని అడిగింది.

"కనపడవు వదినా," అంది ఝాన్సీలక్ష్మి. "మీ పిల్లకెన్నున్నాయో నీకు తెలుసా?"

ఇద్దరూ మాచర్ల రోడ్డు వంక చూస్తూ, సాయంత్రం బస్సు వచ్చేదాకా అరుగు మీదే కూర్చున్నారు.