కలవని అరగంటలు

అమ్మ పోయాక నాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు. స్టవ్ మీద పాలు పెట్టి హాల్లోకి, హాల్లో ఫ్యాను వేసి బాల్కనీలోకి తిరుగుతూనే ఉన్నాను. ఇంకో వారం సెలవు తీసుకోమని హెడ్మాస్టరుగారు అన్నా వినకుండా బడికి వెళ్ళిపోయాను. అక్కడైతే నిలబడడమే పని. తొమ్మిదో తరగతిలో నల్లబల్లకీ కిటికీకీ మధ్య ఎన్నిసార్లు నడిచానో తెలియదు. వరండాలోంచి డ్రిల్లు మాస్టారు తొంగిచూసి, "టీచరుగారూ, నా క్లాసు మీరు తీసేసుకోండి. లెక్కలు నేను చెబుతాను," అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

ఆ అలజడికి అమ్మ లేకపోవడం ఒక్కటే కారణమైతే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదు. చిన్నోడు అన్న ఒక మాట కూడా ఉంది. చిన్నోడు నా తమ్ముడు. నలభై దాటినా ఇంట్లో అందరికీ చిన్నోడే. అద్దాలు కోసే దుకాణంలో పనిచేస్తాడు, ఊరికి అటు చివర గది తీసుకుని ఉంటాడు. అమ్మ పోయిన తరువాత మొదటి ఆదివారం ఇంటికొచ్చి, కాసేపు కూర్చుని, లేస్తూ లేస్తూ అన్నాడు.

"ఆస్పత్రిలో ఆ కొన్ని రోజులూ అమ్మ బాగానే నవ్విందక్కా."

బట్టలు మడతపెడుతున్న పిన్ని చేయి ఆగింది. పిన్ని అమ్మకి చెల్లెలు, మాతోనే ఉంటుంది. మోకాళ్ళు సహకరించక ఆస్పత్రికి ఒక్కసారి కూడా రాలేకపోయింది.

"నువ్వెప్పుడు చూశావురా నవ్వడం?"

"రోజూ వెళ్ళాను కదా పిన్నీ."

"రోజూ వెళ్ళాడంట. మీ అక్కా రోజూ వెళ్ళింది. వాళ్ళు చూడనిచ్చేదే రెండు గంటలు. తొమ్మిది రోజుల్లో ఒక్కనాడైనా ఇద్దరూ ఎదురుపడలేదేం? గోడలోంచి వెళ్ళొచ్చావా?"

"పడలేదు. ఏం చేయను?"

"చేసేదేముంది. వెళ్ళలేదని ఒప్పుకో, ఓ పనైపోతుంది."

వాడు ఒప్పుకోలేదు. వాదించనూ లేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ వాదించకపోవడమే పిన్నికి సాక్ష్యమైపోయింది.

నిజానికి వాడి మాటకి మా ఇంట్లో ఎప్పుడూ పెద్ద విలువ లేదు. దుప్పటి ముసుగులోంచి ఫోనెత్తి 'దార్లో ఉన్నా' అనే మనిషి. అందుకని పిన్ని అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను. కానీ పిన్నికి తేలవలసింది వాడు అబద్ధమాడాడా లేదా అన్నది. నాకు తేలవలసింది వేరు. నేను వెళ్ళిన ప్రతి సాయంత్రం అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పేపర్లు దిద్దుతూ, మధ్యలో తల వాలుస్తూ, బెల్లు కొట్టగానే లేచి వచ్చేదాన్ని. తొమ్మిది రోజుల్లో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నోడు చెప్పింది నిజమైతే, ఆ రోజుల్లో అమ్మ మెలకువగా ఉన్న వేళ ఒకటుంది, ఆ వేళలో ఆమె నవ్వింది. అబద్ధమైతే, నేను చూసిందే మొత్తం.

స్టాఫ్‌రూములో పరీక్ష పేపర్ల వెనక గీతలు గీయడం మొదలుపెట్టాను.

ఆస్పత్రివాళ్ళు చూడనిచ్చే నాలుగు నుంచి ఆరు దాకా ఒక పొడవాటి గీత. అందులో నాలుగు అరగంటలు. నేను ఉండేది ఒక అరగంట, అది ఒక చిన్న రేఖాఖండం. వాడూ ఒక అరగంటే ఉంటాడనుకున్నాను. ఎక్కడా అంతకన్నా ఎక్కువ కూర్చునే మనిషి కాదు. రెండు చిన్న ఖండాలనూ పెద్ద గీత మీద కళ్ళు మూసుకుని పడేస్తే, ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే సంభావ్యత ఎంత?

ఇద్దరిలో ఎవరైనా మొదటి మూడు అరగంటల్లోనే ఎప్పుడో ఒకప్పుడు రావాలి, లేకపోతే అరగంట పూర్తికాదు. నేను వచ్చే క్షణాన్ని అడ్డంగా, వాడు వచ్చే క్షణాన్ని నిలువుగా తీసుకుంటే మూడు మూళ్ళ చదరం వస్తుంది. దాని వైశాల్యం తొమ్మిది. నేను వెళ్ళిపోయాక వాడు రావడం ఒక మూలన త్రిభుజం. వాడు వెళ్ళిపోయాక నేను రావడం ఎదుటి మూలన ఇంకో త్రిభుజం. ఒక్కొక్కదాని వైశాల్యం రెండు. అంటే తొమ్మిదిలో నాలుగు వంతులు కలవకపోవడం, అయిదు వంతులు కలవడం. రెండు త్రిభుజాల మధ్య ఏటవాలుగా పోయే వెడల్పాటి పట్టీ అంతా మేం ఎదురుపడే చోటే.

పొడవులు ఏవైనా సరిపోయేలా సూత్రం కూడా రాసుకున్నాను. పెద్ద గీతలోంచి రెండు ముక్కల్నీ తీసేయగా మిగిలిన ఖాళీని దానితోనే హెచ్చవేయాలి. వచ్చినదాన్ని, ఒక్క నా ముక్క తీసేస్తే మిగిలేదానితో ఒకసారి, ఒక్క వాడి ముక్క తీసేస్తే మిగిలేదానితో ఇంకోసారి భాగించాలి. కలవకుండా ఉండే సంభావ్యత అదే. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్న తేడా దానికి లేదు.

డ్రిల్లు మాస్టారు నా భుజం మీదుగా చూశారు. "ఇల్లు కట్టిస్తున్నారా ఏమిటి?"

"రెండు అరగంటలు కలుస్తాయా కలవవా అని చూస్తున్నాను."

"మా ఆవిడకీ నాకూ పాతికేళ్ళుగా కలవడం లేదు. పనిలో పని, అదీ వేసిపెట్టండి."

"మీరు యాదృచ్ఛికంగా పడినవాళ్ళు కాదు మాస్టారూ."

"అదీ నిజమే, జాతకాలు చూసి మరీ చేశారు," అని టీ గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయారు.

ఒక్కరోజుకు తొమ్మిదిలో నాలుగు వంతులంటే పెద్ద వింత కాదు. కానీ తొమ్మిది రోజులూ వరసగా అలాగే జరగాలంటే ఆ భిన్నాన్ని తొమ్మిదిసార్లు హెచ్చవేయాలి. పదిహేను వందల్లో ఒక్కసారి. పెన్ను కింద పెట్టి లేచి, వరండా చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాను.

నేనేమీ కళ్ళు మూసుకుని పడలేదు కదా అనిపించింది. పరీక్షల రోజులు, ఆదివారం కూడా క్లాసులే. బడి వదిలాక ఎక్కే బస్సు నన్ను రోజూ అయిదున్నరకే దింపేది. నా ముక్క గీత చివరన మేకు కొట్టినట్టు ఉంది. అంచున ఉన్నదానికి ఒకవైపే తగిలే వీలు. అలా వేస్తే కలవకపోవడం మూడింట రెండు వంతులైంది. తొమ్మిది రోజులకి ముప్పై ఎనిమిదిలో ఒకటి. ప్రాణం కొంచెం కుదుటపడింది. ఆ సాయంత్రం బస్సులో నిలబడి, వాడి అరగంటను ఇరవై నిమిషాలు చేశాను. తరువాత పది చేశాను. తగ్గించినకొద్దీ వాడు నిజాయితీపరుడు అవుతున్నాడు. జవాబు ముందు రాసుకుని పైన లెక్క అల్లే పిల్లలకి నేను మార్కులు కోస్తాను. దిగవలసిన స్టాపు దాటిపోయింది.

ఇక లెక్కలో లేనిదాన్ని మనిషినే అడగాలి. మర్నాడు బడి ఒంటిపూట. నేరుగా అద్దాల దుకాణానికి వెళ్ళాను.

చిన్నోడు కంబళి పరిచిన బల్ల మీద వంగి ఉన్నాడు. స్కేలు పెట్టి, కట్టరుతో ఒక్క గీటు గీసి, అంచు బల్ల చివరకి లాగి చేత్తో నొక్కాడు. అద్దం చిన్న చప్పుడుతో రెండైంది. నన్ను చూసి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ తుడిచాడు. నేను కూర్చోలేదు.

"ఆస్పత్రికి నువ్వు ఏ వేళకి వెళ్ళేవాడివిరా?"

"పిన్ని పంపిందా?"

"లేదు. నేనే అడుగుతున్నాను."

"నాలుగింటికి. గేటు తీసేసరికి అక్కడుండేవాణ్ణి. పొద్దున ఏడింటికే వచ్చి ఇక్కడి పని చేసేసేవాణ్ణి. కావాలంటే ఓనర్ని అడుగు."

"ఓనర్ని అడగడానికి రాలేదు. ఎంతసేపు ఉండేవాడివి? అరగంటా?"

"అరగంటేంటక్కా. నీ బస్సు వచ్చేదాకా."

లెక్క నేను చేయలేదు, అదే జరిగిపోయింది. నాలుగు అరగంటల్లో వాడివి మూడు, నాది ఒకటి. తీసేస్తే మిగిలే ఖాళీ సున్నా. రెండు త్రిభుజాలూ చదరం మూలల్లోకి ముడుచుకుని మాయమయ్యాయి. రెండు ముక్కలూ కలవకుండా పడడం ఇక అరుదు కూడా కాదు, అసలు జరగదు. జరిగిందంటే ఎవరో ఒకరు ఒక ముక్క కొసన రెండోదాన్ని ఆనించి పెట్టి ఉండాలి. లేదా వాడు అబద్ధం చెబుతూ ఉండాలి. సూత్రం అంతవరకే చెబుతుంది.

"నా బస్సు వచ్చినట్టు నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? అమ్మే చెప్పేది. ఆ కిటికీలోంచి స్టాపు కనపడుతుంది కదా. అటే తిరిగి పడుకునేది. నీ నీలం సంచి కనపడగానే, 'లే లే, వచ్చేస్తోంది' అని నన్ను తరిమేది. నేను వెనక మెట్లు దిగేవాణ్ణి. నువ్వు లిఫ్టులో పైకొచ్చేలోపు తను కళ్ళు మూసుకునేది."

"మూసుకోవడం దేనికి?"

వాడు కట్టరు చక్రాన్ని నూనె గుడ్డతో తుడిచాడు.

"నీకు చెప్పొద్దంది."

"ఇప్పుడు చెప్పు."

"నువ్వు పడుకోవాలని. 'నేను మెలకువగా ఉన్నానంటే అది కాళ్ళు పడుతుంది, నర్సుతో పోట్లాడుతుంది, మందులన్నీ మళ్ళీ లెక్కపెడుతుంది. నేను పడుకుంటేనే అది ఓ కునుకు తీస్తుంది. ఇంటికెళ్తే దానికి అదీ ఉండదు' అంది. ఆ మాట పిన్ని ముందు ఎలా చెప్పమంటావు? నువ్వు పక్కనే ఉన్నావు."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. చివరికి అది స్టార్టయి వెళ్ళిపోయింది. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. కుదరాలని ఉంది కాబట్టే కుదరలేదు.

"నవ్వింది అన్నావు. దేనికి నవ్వింది?"

"చెబితే తిడతావు."

"తిట్టను."

"ఓరోజు నీ చేతిలో ఎర్రపెన్ను మూత తీసే ఉందంట. నువ్వు మంచం మీద తలపెట్టి మంచి నిద్దర. దుప్పటి కొసంతా ఎర్రగా గీతలు. నర్సు చూసి రక్తమనుకుని పరుగెత్తుకొచ్చిందంట. అమ్మ నోటిమీద వేలు పెట్టి, 'ఏం లేదమ్మా, నాకు మార్కులు వేస్తోంది. లేపకు, తగ్గించేస్తుంది' అందంట. మర్నాడు నాకు చెబుతూ ఒకటే నవ్వు. నవ్వొద్దే, దగ్గొస్తుంది అన్నా ఆపలేదు."

ఆ రోజు బెల్లుకి లేచి చూస్తే దుప్పటి మీద ఎర్రగీతలు ఉన్నాయి. సిగ్గేసి, ఆ కొసను పరుపు కిందికి తోసేసి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు, బడిలోనూ చెప్పలేదు. నర్సు కాక అది చూసిన కళ్ళు ఆ మంచం మీదివే. అవి తెరుచుకుని ఉన్నాయి. ఆ అరగంట నిద్రపోయింది నేను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

చిన్నోడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళాడు. వాడు ఒక కిటికీకి సరిపడా అద్దాలన్నీ కోసేదాకా నేను అక్కడే ఉన్నాను. మధ్యలో ఒకసారి ఓనరు వచ్చి, నన్ను కొనడానికొచ్చిన మనిషి అనుకుని ఎంత సైజు కావాలని అడిగాడు. "మా అక్కండీ," అన్నాడు చిన్నోడు.

ఇంటికి వచ్చేసరికి పిన్ని తలుపు దగ్గరే ఉంది.

"ఒంటిపూట బడికి ఇంతసేపా? ఎక్కడికెళ్ళావు?"

"చిన్నోడి దగ్గరికి. వాడు రోజూ వెళ్ళాడు పిన్నీ."

"వాడు చెప్పాడా?"

"లెక్క వేశాను."

"ఎంత వచ్చింది?"

"సున్నా."

పిన్ని నా మొహంలోకి చూసింది. ఒంట్లో బాగుందా అన్నట్టు చూసింది. నేను సంచి కింద పెట్టి, అరుగులా ఉన్న గడప మీదే కూర్చుని, వాడు చెప్పిన క్రమంలో మొదటి నుంచి చెప్పాను. కిటికీ మాట వచ్చినప్పుడు పిన్ని ఏదో అడగబోయి మానేసింది. కళ్ళు మూసుకోవడం దగ్గర తల పక్కకి తిప్పుకుంది. ఎర్రపెన్ను గీతలు చూసి నర్సు పరుగెత్తుకొచ్చిన చోటికి వచ్చాక నా వల్ల కాలేదు.

"ఏమందంట?" అంది పిన్ని. "నర్సుతో ఏమందంట మా అక్క?"

"నాకు చెప్పడం రావడం లేదు."

"అయితే వాడికి ఫోన్ చెయ్యి. వాడే చెబుతాడు."

చేశాను. వాడు ఎత్తగానే ఫోను పిన్ని చేతికిచ్చి, లోపలికి వెళ్ళి కుళాయి తిప్పాను. గిన్నెలు కడుగుతుంటే నీళ్ళ చప్పుడు మీంచి పిన్ని గొంతు వినిపించింది.

"మళ్ళీ చెప్పరా. మెల్లిగా చెప్పు, సరిగ్గా వినపడలేదు."