నడుముకీ భుజానికీ మధ్య

గృహశాస్త్రం టీచరుకు పిల్లలు పెట్టుకున్న పేరు టేపు టీచర్. ఆవిడ మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. గుడ్డ అంచు మడిచి కుట్టమంటే మడత కొలుస్తుంది, బంగాళాదుంప తరగమంటే ముక్క కొలుస్తుంది. ఇంట్లో పిల్లిని కూడా తోక కొలిచాకే లోపలికి రానిస్తుందని తొమ్మిదో తరగతి వాళ్ళ గట్టి నమ్మకం. అలాంటావిడ సోమవారం పొద్దున బోర్డు మీద ‘వంటింటి అమరిక’ అని రాసి, ఈసారి ప్రాక్టికల్ పరీక్ష బడిలో కాదు, ఎవరింటికి వాళ్ళింటికే వచ్చి మార్కులు వేస్తానని చెప్పింది. మిగతా పిల్లలు హమ్మయ్య అనుకున్నారు. మూడో బెంచీలో కూర్చున్న పొట్టికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

పొట్టి అన్నది ఎత్తు చూసి క్లాసువాళ్ళు పెట్టిన పేరే. వయసు పద్నాలుగు. ఇంట్లో ఆరేళ్ళ చెల్లెలుంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. నాన్న లారీ డ్రైవరు, సోమవారం బండెక్కితే మళ్ళీ శుక్రవారం సాయంత్రానికి గాని ఇంటి ముఖం చూడడు. అమ్మ పోయినప్పటి నుంచీ ఇల్లు చూసుకున్నది మేనత్త. రెండు నెలల కిందట ఆవిడకి వేరే ఊళ్ళో ఆస్పత్రి బట్టలుతికే చోట ఉద్యోగం వచ్చింది. ఆవిడకి మాత్రం బతుకు ఉండొద్దా? వెళ్ళొద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అయితే అమ్మ పోయిన రోజుల్లోనే పెద్దమ్మ ఒక మాట అనేసి వెళ్ళింది. ఇంట్లో పెద్ద దిక్కు లేని రోజు వస్తే చిన్నదాన్ని నేను తీసుకుపోతాను, పెద్దదాన్ని హాస్టల్లో వెయ్యండి అని. పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. అదే అసలు చిక్కు. చెడ్డ మనిషైతే కాదనడం ఎంతసేపు? పైగా ఇంట్లో పెద్దవాళ్ళు లేరని తెలిస్తే బంధువులకి కబురు పంపడం బడి నియమం. బడి రిజిస్టరులో రాసి ఉన్న బంధువు పెద్దమ్మే. అందుకని నాన్న, ఎవరడిగినా అత్తయ్య ఇంట్లోనే ఉందని చెప్పమన్నాడు, ఈలోగా ఊళ్ళో తిరిగే బండి చూసుకుంటానన్నాడు. రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాడు.

సందర్శన హాజరు నంబర్ల ప్రకారం, రోజుకి నాలుగిళ్ళు. పొట్టి నంబరు పదకొండు. మంగళవారం నుంచి వేళ్ళ మీద లెక్కేస్తే గురువారం తేలింది. ఇంకో రెండు నంబర్లు వెనక్కి పుట్టి ఉంటే శుక్రవారం అయ్యేది, నాన్న ఇంట్లో ఉండేవాడు. పదమూడో నంబరు పిల్లని, నా బదులు నువ్వు ముందు చూపించుకోవా అని బతిమాలింది. ఆ పిల్లకి గురువారం పళ్ళ డాక్టరు.

ఇక ఆ మూడు రోజులూ పొట్టి కాలుగాలిన పిల్లే. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. బుధవారం ఇస్త్రీ పాఠంలో, క్లాసుకే మచ్చలేని పిల్ల, చొక్కా కాలరు కాల్చేసింది. కమురు వాసనకి టీచరొచ్చి, ధ్యాస ఇంట్లో పెట్టి వచ్చావా అని మామూలుగా అడిగింది. ‘ఇంట్లో మా అత్తయ్య ఉంది టీచర్’ అంది పొట్టి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. టీచరు ఒకసారి ఎగాదిగా చూసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

గురువారం బడి గంట కొట్టడమే ఆలస్యం, పొట్టి ఇంటికి పరుగెత్తింది. అత్తయ్య వదిలేసి వెళ్ళిన పాత చెప్పులు తుడిచి గుమ్మం పక్కన పెట్టింది. మరీ తిన్నగా పెట్టాననిపించి ఒకటి కాస్త పక్కకి తన్నింది. అత్తయ్య తువ్వాలు తడిపి తాడు మీద ఆరేసింది. రెండో మంచం మీద దుప్పటి పరిచి, ఎవరో ఇప్పుడే లేచినట్టు నలిపింది. తర్వాత ఆ నలపడం ఎక్కువైందని సర్దింది, సర్దితే తక్కువైందని మళ్ళీ నలిపింది. వంటింటి జోలికి మాత్రం పోలేదు. అది తను నిజంగా చేసిన పని, దాంట్లో దాచాల్సింది ఏముంటుంది? పోయిన నెల ఆ పాఠం చెప్పిన మర్నాడే అంతా సర్దుకుంది, అప్పటినుంచీ నడుం నొప్పి కూడా తగ్గింది.

చివరికి మిగిలింది చెల్లి. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అత్తయ్య బజారుకి వెళ్ళిందని చెప్పాలి, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకూడదని పదిసార్లు చెప్పి, చాలదని పళ్ళకి అతుక్కుపోయే రకం చాక్లెట్టు ఒకటి దాని నోట్లో కుక్కింది.

నాలుగున్నరకి టీచరు వచ్చింది. చెప్పుల వంక చూడలేదు, తువ్వాలు వంక చూడలేదు, అంత కష్టపడి నలిపిన దుప్పటి వంక అసలే చూడలేదు. అత్తయ్య బజారుకి వెళ్ళిందంటే ఊఁ అని తిన్నగా వంటింట్లోకి నడిచింది. పొట్టికి కాస్త ఊపిరాడింది. తొందరగా కొలుచుకుని తొందరగా వెళ్ళిపో తల్లీ అని మనసులోనే వేడుకుంది.

టీచరు మెడలోంచి టేపు తీసింది. ఉప్పు డబ్బా ఉన్న అర కొలిచింది. గరిటెల మేకులు కొలిచింది. పొయ్యి గట్టు మీద లేదు. గట్టు ఎత్తు ఎక్కువని దింపి, కింద ఒక పాత బల్ల మీద అమర్చి ఉంది. ఆ బల్లా కొలిచింది. పై అరల మీద వేలితో గీస్తే ధూళిలో చార పడింది. అన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ, ఈ వంటింట్లో రోజూ పనిచేసేది ఎవరని అడిగింది.

‘మా అత్తయ్యే. నేను సాయం చేస్తానంతే.’

అత్తయ్య ఎంత ఎత్తుంటుందని అడిగింది టీచరు. అబద్ధానికి కూడా కొలతలు అడుగుతారని పొట్టి ఎప్పుడూ అనుకోలేదు. నిజమే చెప్పింది, మీకంటే కొంచెం పొడుగు అని.

టీచరు పెన్ను ఆపింది. కోపంగా ఏమీ లేదు, పాఠం చెప్పినట్టే చెప్పింది.

‘నిత్యం వాడే సామాను పనిచేసే మనిషి నడుముకీ భుజానికీ మధ్య ఉండాలని కదా పాఠం. ఒంగకూడదు, నిక్కకూడదు. ఈ పొయ్యి దగ్గర మీ అత్తయ్య నిలబడితే నడుం విరుగుతుంది. ఉప్పు డబ్బా ఆవిడ నడుం కంటే కిందే ఉంది. ఆవిడ కోసం సర్దావంటే మొత్తం తప్పు, ఇరవైకి సున్నా వెయ్యాలి. ఇంకెవరి కోసమైనా సర్దావంటే, నేను ఈ వారంలో చూసిన ఇళ్ళల్లో ఇంత బాగా ఎవరూ సర్దలేదు. ఏది రాయమంటావు?’

రోజూ కళ్ళ ముందే ఉన్నా పొట్టికి ఇది తట్టలేదు. ఇల్లంతా అత్తయ్యని నిలబెట్టి, వంటింట్లో నిలువెత్తున తనే నిలబడి ఉంది. గృహశాస్త్రం ఒక్కటే తనకి బాగా వచ్చిన సబ్జెక్టు. లెక్కల్లో బొటాబొటీ మనిషి, ఈ ఇరవై మార్కుల కోసం ఏడాదంతా ఎదురు చూసింది. అయినా ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. గుమ్మంలో చెల్లి బుగ్గ ఉబ్బించి నిలబడి ఉంది.

‘తప్పు సర్దాను టీచర్. సున్నా వెయ్యండి.’

టీచరు ఏదో అనబోయింది. ఈలోగా చెల్లి చాక్లెట్టు అరచేతిలోకి ఉమ్మేసింది. సున్నా అంటే ఏమిటో ఒకటో తరగతి వాళ్ళకీ తెలుసు.

‘మా అక్కకి సున్నా వెయ్యకండి. అక్క ఏదీ తప్పు పెట్టలేదు. చూడండి, అన్నీ అక్కకి అందుతాయి.’

చాక్లెట్టు చేతిని గౌనుకి తుడుచుకుంటూ అది వెళ్ళి గరిటెల మేకులు చూపించింది, డబ్బాలు చూపించింది. అత్తయ్యకైతే పొయ్యి పైనుండేది, ఆవిడ వెళ్ళిపోయాక అక్క పీటెక్కి వండబోయి పడిపోయిందని కూడా చెప్పింది. పొట్టి దాని నోరు మూయబోయింది గాని చేతులు లేవలేదు. రెండు నెలలుగా ఇటుక మీద ఇటుక పేర్చిన అబద్ధం నిమిషంలో కూలిపోయింది. చెల్లి మీద కోపం రాలేదు. భయం వేసింది.

అత్తయ్య వెళ్ళి ఎన్నాళ్ళయిందని టీచరు అడిగింది. పొట్టి చెప్పింది. నాన్న సంగతి, పెద్దమ్మ సంగతి కూడా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెల్లిని పంపేస్తే నేను బతకలేను టీచర్ అని కూడా అంది. అనేశాక, అంత మాట ఎలా అనగలిగానా అని తల దించుకుంది.

టీచరు పొట్టిని గోడకి ఆనుకుని నిలబడమంది. మడమ నుంచి నడుం దాకా, అక్కణ్ణుంచి భుజం దాకా, ఆపైన తల దాకా టేపు పట్టి, పుస్తకంలో రాసి, రాసింది పొట్టికి తిప్పి చూపించింది. పనిచేసే మనిషి అన్న చోట మేనత్త అని ఉంది. ఎత్తు అన్న చోట నాలుగడుగుల ఏడంగుళాలు అని ఉంది. మార్కులు ఇరవైకి ఇరవై.

ఇంత పొట్టి మేనత్తని నేనెక్కడా చూడలేదు అంది టీచరు, నవ్వకుండా. శనివారం పొద్దున మీ నాన్న వచ్చి నన్ను కలవాలి, రాకపోతే సోమవారం నేనే హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్తాను, తప్పు లెక్క రాశానని నా సంగతి కూడా చెప్పుకుంటాను అంది. పొట్టి తలూపింది. గండం గడిచిందో, రెండు రోజులు వాయిదా పడిందో దానికి అర్థం కాలేదు. బహుశా టీచరుకీ తెలియదు.

టీచరు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కుట్టు వచ్చు, వంట వచ్చు, ఫ్యూజు వెయ్యడం వచ్చు, నా దగ్గర నేర్చుకున్నవన్నీ నీకు వచ్చు అంది.

‘ఇంకా నీకేం రాదో అది చెప్పు.’

ఆ ప్రశ్న పొట్టిని ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళూ అన్నీ వచ్చినట్టు కనిపించడమే దాని పని. చెల్లి వినకుండా గొంతు తగ్గించింది.

‘పోయిన వారం దానికి జ్వరం వచ్చింది టీచర్. ఒళ్ళు కాలిపోయింది. ఎంత వేడుంటే భయపడాలో, ఎవర్ని పిలవాలో నాకు తెలీలేదు. తెల్లారేదాకా దాని పక్కన నిలబడే ఉన్నాను.’

టీచరు సంచీ కింద పెట్టి, చెల్లిని దగ్గరికి పిలిచి, ముందు నుదుటి మీద చెయ్యి ఎలా పెట్టి చూడాలో చూపించడం మొదలుపెట్టింది.