తాళం లేని తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. పొడవు నాలుగడుగులు, బరువు మూడు కిలోలు. నన్ను దూర్చి తిప్పడానికి ఈ భూమ్మీద తాళమంటూ ఏదీ లేదు. అయినా మూడేళ్ళపాటు భీమవరం చుట్టుపక్కల కొత్త కారు కొన్న ప్రతి పెద్దమనిషీ నన్ను పట్టుకుని ఫోటో దిగినవాడే.

నేను పుట్టింది బోర్డులు రాసే కోటలింగం కొట్లో. అంతకుముందు నేనొక ప్లైవుడ్ పలకని. ఒకరోజు కార్ల షోరూం మేనేజరు విజయసారథి వచ్చి, ఫోటోల్లోకి పెద్ద తాళంచెవి ఒకటి కావాలన్నాడు. కోటలింగం పెన్సిలు చెవి మీంచి తీసి అడిగాడు.

"పళ్ళెన్ని పెట్టమంటారండీ?"

"ఎన్నో కొన్ని పెట్టవయ్యా. తెరిచేదుందా, మూసేదుందా?"

అలా నాకు మూడు పళ్ళు వచ్చాయి. బంగారు రంగు వేశారు. ఆరకముందే ఒక ఈగ వచ్చి వాలి అక్కడే అతుక్కుపోయింది. ఫోటోల్లో కనిపించదులెండి.

షోరూంలో నా వైభవం చూడవలసింది. కారు మీద ఎర్ర శాటిన్ గుడ్డ కప్పేవారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటిల్లిపాదీ కలిసి గుడ్డ లాగగానే సిబ్బంది అంతా చప్పట్లు కొట్టేవారు. అప్పుడు శేషారత్నం నన్ను రెండు చేతులా ఎత్తి తెచ్చి ఇంటాయన చేతిలో పెట్టేది. నా తల ఎప్పుడూ ఆయన గుండెల మీదే. పళ్ళ వైపు ఇల్లాలికి. ఆవిడ వేళ్ళ చివర్లు ఆనించి, పక్కకి తిరిగి, "నా గాజులు పడుతున్నాయా?" అని అడిగేది. ఫోటో అవగానే శేషారత్నం నవ్వుతూ, "అదిక్కడే ఉంచెయ్యాలండి" అని నన్ను వెనక్కి తీసుకునేది. బొటనవేలంత అసలు తాళంచెవి అప్పటికే ఎవరి జేబులోనో ఉండేది. దాన్ని చూసి ఎవరూ నవ్విన పాపాన పోలేదు. ఆకివీడు ఆసామి ఒకాయన మాత్రం నన్ను డిక్కీలో వేసుకుని వెళ్ళిపోయాడు. స్కూటీ మీద వెంటపడి రైల్వే గేటు దగ్గర ఆపి తెచ్చింది శేషారత్నం.

ఈ శేషారత్నానికి నలభై ఒక్కేళ్ళు. పన్నెండేళ్ళ సర్వీసులో మూడు వందల పన్నెండు కార్లు అమ్మింది. తను వచ్చేది మాత్రం పాత స్కూటీ మీద. ఏ మోడలులో డిక్కీ ఎన్ని బియ్యం బస్తాలు పడుతుందో, ఏ సీటులో మోకాళ్ళ నెప్పులున్న అత్తగారు సుఖంగా కూర్చుంటుందో ఆమెకి నోటికొచ్చు. కార్లు అమ్మడమంటే చాలామంది ఇంజను గురించి చెప్పడమనుకుంటారు. అత్తగారి మోకాళ్ళ గురించి చెప్పడమని ఆమెకొక్కదానికే తెలుసు.

మా ఊళ్ళో కారు నడిచేది పెట్రోలుతో కాదు, రొయ్యతో. రొయ్యకి రేటుంటే చెరువు గట్టు మీంచి తిన్నగా షోరూంకే వచ్చేవారు, కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా. ఆ బురద కాళ్ళకి కూల్‌డ్రింకు ఇచ్చి, తెల్లబట్టలవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేవారు మావాళ్ళు. ఎవరు కొంటారో వాళ్ళకి తెలుసు.

ఆ రొయ్యే పడిపోయింది. పై దేశాలవాళ్ళు కొనడం తగ్గించారన్నారు. మేత రేటు పెరిగిందన్నారు. పేపర్లవాళ్ళు దీనికి మాంద్యమని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన ఏది తగ్గుతుంది? జనం షోరూంకి వచ్చేవారు, కారు చుట్టూ తిరిగేవారు, తలుపు తీసి గట్టిగా వేసేవారు, "మళ్ళీ వస్తామండి" అనేవారు. ఆ మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అక్కడెక్కడో ఫ్యాక్టరీకి ఈ సంగతి తెలీదు కాబోలు, లారీల మీద కార్లు దింపుతూనే ఉంది. షోరూం వెనక స్థలం నిండిపోయాక పక్కనున్న కొబ్బరితోట అద్దెకి తీసుకున్నారు. ఒక కొత్త కారు మీద కొబ్బరికాయ పడి పైకప్పు సొట్టపోయింది. కొబ్బరికాయ కొట్టించుకున్న కారు ఆ నెలలో అదొక్కటే. సిబ్బంది ఇరవై రెండు మంది నుంచి తొమ్మిది మందికి వచ్చారు. రెండుపూటల టీ ఒకపూటైంది, తరవాత "ఇంటి దగ్గర తాగి రండి" అయింది. ఏసీ ఆపేసి, గేటు దగ్గర ఎవరైనా కనిపిస్తేనే వేసేవారు. కొరియరు అబ్బాయి వచ్చినా వేసి, తెలిశాక ఆపేవారు. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఒంటిమీద దుమ్ము లెక్కపెట్టుకునేవాణ్ణి.

అప్పుడొచ్చింది పై ఆఫీసు నుంచి ఆజ్ఞ. రోజుకొక డెలివరీ ఫోటో నెట్‌లో షోరూం పేజీలో పెట్టాలి, అమ్మకం ఉన్నా లేకపోయినా. జనం కొంటున్నట్టు కనిపిస్తే జనం కొంటారని వాళ్ళ సిద్ధాంతం. రెండోది, నెలకి రెండు కార్లు అమ్మనివాళ్ళు ఇంటికి.

విజయసారథి శేషారత్నాన్ని పిలిచాడు.

"రేపు మీ ఆయన్ని తీసుకుని పట్టుచీర కట్టుకుని రా అమ్మా. ఫోటో తీద్దాం."

"నా మొహం ఊరందరికీ తెలుసు కదండీ!"

"తెలిసిన మొహమైతేనే నమ్ముతారు."

కాదనే ధైర్యం ఆమెకి లేదు. ఆమె భర్త రాంపండు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రొయ్య లేకపోతే ఐసెందుకు? ఫ్యాక్టరీ వారానికి మూడురోజులే తిరుగుతోంది. ఇల్లు నడిచేది ఈమె జీతంతోనే. మర్నాడు ఇద్దరూ వచ్చి నన్ను పట్టుకున్నారు. రాంపండు చెయ్యి చల్లగా ఉంది. "నవ్వండి సార్" అంటే, నవ్వు ఎటు పెట్టాలో తెలియక నా వంక చూశాడు. 'మా కుటుంబంలోకి స్వాగతం' అని రాసి ఫోటో పేజీలో పెట్టేశారు.

మూడోరోజు నేల తుడుస్తూ సత్తెమ్మ అడిగింది.

"కారు కొన్నావంట గదమ్మా! చెప్పలేదేటి?"

"నువ్వు కూడానా సత్తెమ్మా? ఊరంతా చూసేశారు. మా అత్తగారికి పక్కింటివాళ్ళు ఫోన్లో చూపించారంట."

"మరి నిజం చెప్పెయ్యలేకపోయావా?"

"చెబ్దామనే లేచాను. లేచేటప్పటికి ఎదురుగా కాఫీ గ్లాసు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ నాకు కాఫీ కలిపివ్వడం అదే మొదలు. ఆ గ్లాసు చూశాక నోరు రాలేదే."

"ఓర్నాయనో!"

"గేదెల పాకలో కట్టెలన్నీ తీయించేసి, శుభ్రంగా అలికించి, ముగ్గు కూడా పెట్టింది. కారు ఎండలో ఉంటే రంగు పోద్దంట."

"మరి కారేదంటే ఏం జెప్పేవు?"

"అడిగిన రంగు రాలేదని చెప్పాను."

"ఏ రంగు?"

"ఏ రంగైతే ఏంటే!" అంది శేషారత్నం. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ఒకటి మధ్యలో ఆగిపోయింది.

నెల ఇరవై ఎనిమిదో తారీకు. ఆమె అమ్మింది ఒక కారే. ఇంకొకటి కావాలి. పదకొండు గంటలకి ఎవరో లోపలికి వచ్చారు. గేటు దగ్గర్నించి కేక వినిపించింది. "ఏసీ!"

వచ్చినాయన పల్లాలరావు. రాంపండుకి పెదనాన్న కొడుకు, రొయ్యల రైతు. శేషారత్నానికి బావగారు. పెళ్ళిళ్ళకి తప్ప వాళ్ళింటికి రాని మనిషి.

"ఏమ్మా రత్నం, కారు కొనుక్కుని మాటమాత్రం చెప్పలేదేటమ్మా? మీ అక్క నాకు మూడ్రోజుల్నుంచి అన్నం తిన్నగా పెట్టట్లేదు. స్కూటీ మీద తిరిగే రత్నమే కారెక్కేసింది, మన ఎనిమిదేళ్ళ డొక్కు చూస్తే సిగ్గేస్తందంటంది. పెద్దదేదో చూడు. ఇయ్యాలే తీసుకుంటాను."

పై ఆఫీసువాళ్ళ సిద్ధాంతం నిజమైన రోజు చరిత్రలో ఏదైనా ఉంటే అది ఇదే. విజయసారథి మొహం పండగలా వెలిగింది. కాఫీ చెప్పాడు. మనసు మార్చుకుంటాడేమోనని, ముందు ఫోటో తీసేద్దామన్నాడు. శేషారత్నం నన్ను తెచ్చింది. ఇటు ఆయన, అటు ఆమె, మధ్యలో నేను.

ఎన్నో వందల చేతులు చూశాను కనుక చెబుతున్నాను. కారు కొనేవాడి చెయ్యి వేడిగా ఉంటుంది. ఈయనది చల్లగా ఉంది, నన్ను ఊతకర్రలా పట్టుకుంది. మేత వాసన వేస్తోంది. ఆ బరువు నాలోంచి అవతలి చివరకి పాకింది. ఆమె వదల్లేదు.

"చెరువులెలా ఉన్నాయండీ బావగారూ?" అంది మెల్లగా.

"ఏమున్నాయమ్మా. రెండిట్లో రొయ్యకి తెల్లమచ్చ రోగం పట్టేసింది. అంతా ఎత్తి పారబోశాం. మూడోది అంతంతమాత్రం."

"మరి..."

"ఆ ఊరవతల అరెకరం చేనుంది గదా. బేరం పెట్టాను. మీ అక్క మాట పడలేకపోతన్నాను."

ఆ అరెకరంలో పండేవే వాళ్ళు ఏడాదంతా తినే బియ్యం. అది ఆమెకీ తెలుసు. కెమెరా పట్టుకున్న కుర్రాడు "రెడీ అండీ" అన్నాడు. విజయసారథి దూరం నుంచి కళ్ళతోనే బతిమాలుతున్నాడు. శేషారత్నం నన్ను కొంచెం కిందికి దించింది.

"బావగారూ, నేను కారు కొనలేదండి."

"అదేటి? ఫోటోలో..."

"అది ఫోటో కోసమేనండి. ఇది కూడా అలాంటిదే."

పల్లాలరావు నా వంక చూశాడు. వేలి కణుపుతో టకటకా కొట్టాడు.

"చెక్కేనా?"

"చెక్కేనండి."

సోఫాలో కూలబడి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంత తేలికపడ్డ మనిషిని నేను ఆ షోరూంలో, కారు కొన్నవాళ్ళలో కూడా, చూడలేదు.

"ఈ మాట మీ అక్కకి నువ్వే ఫోన్ చేసి చెప్పాలమ్మా. నేను చెబితే నమ్మదు. అరెకరం అమ్మాల్సొస్తదని నేనే కల్పించానంటది."

అక్కడే నిలబడి ఫోను చేసి చెప్పింది. వచ్చిన కాఫీ ఆయన చివరి బొట్టు దాకా తాగాడు. గుమ్మం దాటకముందే ఏసీ ఆగిపోయింది.

ముప్పయ్యో తారీకు విజయసారథి శేషారత్నానికి ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం ఇచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చేనెల షోరూమే మూసేస్తారని, తన కాగితం కూడా దారిలో ఉందని ఆయనకి అప్పటికే తెలుసు. "ఒక్క ఫోటో అయిపోయేదాకా ఆగలేకపోయావా అమ్మా" అని మాత్రం అన్నాడు. ఆమె గోడకి ఆనుకుని ఉన్న నావైపు చూపించింది.

"అది నేను తీసుకెళ్ళనా సార్?"

"దాన్నేం చేసుకుంటావు?"

"మా అత్తగారికి చూపించాలండి. ఉత్తమాటతో చెప్పడానికి నోరు రావట్లేదు."

అలా, ఎవరింటికీ వెళ్ళని నేను ఒక ఇంటికి బయలుదేరాను. స్కూటీ మీద అడ్డంగా కట్టింది. దారిలో ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఇల్లెంత పెద్దదమ్మా?" అని అరిచాడు.

ఇంటి దగ్గర అచ్చాయమ్మ, అంటే ఆమె అత్తగారు, పాకలో ముగ్గు మళ్ళీ పెడుతోంది. శేషారత్నం నన్ను దించి గోడకి ఆనించింది.

"ఇదే అత్తయ్యా, ఫోటోలో ఉన్నది. కారు లేదు. ఉద్యోగం కూడా ఇవాళ్టితో లేదు."

అచ్చాయమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. వేలితో కొట్టి చూసింది. మనుషులందరూ నన్ను కొట్టే తెలుసుకుంటారు.

"అయితే రంగు రాకపోడం కూడా అబద్ధమేనా?"

"అవునత్తయ్యా."

"ఇరుగుపొరుగుకి నేనేం చెప్పుకోవాలే? నిన్న పక్కింటి రాజ్యలక్ష్మిగారిని కారులో ద్వారపూడి గుడికి తీసుకెళ్తానని మాట కూడా ఇచ్చేశాను." ముగ్గు చేతులు దులుపుకుని అంది, "తాగిన కాఫీలు ఎలాగూ కక్కమనలేను. రేపట్నుంచి నువ్వే కలుపుకో."

ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని తనే పాకలోకి వచ్చింది. కోడలి చేతిలో పెట్టింది. కోడలు తాగి గ్లాసు కడిగిచ్చింది. ఎందుకిచ్చావని అడగడానికి నాకు నోరు లేదు.

వారం తిరక్కముందే పాత కారు వేసుకుని పల్లాలరావు వచ్చాడు.

"కారు మార్చకపోతే మార్చకపోయావు, లోపల సీట్లన్నా మార్పించు అంటంది మీ అక్క. ఎక్కడ కుట్టిస్తారమ్మా?"

శేషారత్నం పాక వంక చూసింది. ఇంట్లో కుట్టుమిషనుంది. ఏ మోడలు సీటు ఎంత వెడల్పో ఆమెకి తెలుసు. కొత్త కారు కొనలేని కాలంలో జనం పాతదానికి కొత్త బట్టలు కుట్టిస్తారని ఆ క్షణంలోనే ఆమెకి తట్టిందో, లేక తరవాత అలా చెప్పుకుందో నేను చెప్పలేను. మొదటి జత ఒకవైపు ముడతపడింది. విప్పి మళ్ళీ కుట్టింది. తను కార్లు అమ్మిన మూడు వందల పన్నెండు ఇళ్ళకీ ఒక్కొక్కటిగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. వారానికి రెండు కార్లు వస్తున్నాయి, ఒక్కోవారం ఒకటే. ఒకప్పుడు నన్ను గుండెలకి హత్తుకుని ఫోటో దిగిన ఆకివీడు ఆసామి మొన్న వచ్చాడు. నా వంక చూసి కూడా గుర్తుపట్టలేదు.

గుర్తుపట్టడం కష్టమే. నా బంగారం సగం రాలింది. ఈగ మాత్రం ఉంది. పాకకి రాంపండు రెండు రేకు తలుపులు పెట్టించాడు గానీ, లోపల మిషనూ బట్టా ఉన్నాయి కదా, గడియ లేదని అచ్చాయమ్మ గోల పెట్టింది. ఆవిడే నన్ను కొలిచింది. ఒక పన్ను అడ్డం వస్తే కత్తిపీటతో చెక్కేసింది. తలుపులకి బిగించిన రెండు కొక్కేల్లో నన్ను అడ్డంగా పడేసి, గట్టిగా లాగి చూసి, "ఆఁ" అంది.

సాయంత్రం ఆవిడ నన్ను పెడితే తలుపు మూసుకుంటుంది. పొద్దున్న రత్నం తీస్తే తెరుచుకుంటుంది.