కెమెరా ఎటు చూడాలి

కోయంబత్తూరులో ఎన్ని పంపుల ఫ్యాక్టరీలున్నాయో, దాదాపు అన్నింటి గోడలకూ నా డ్రిల్లు పెట్టిన రంధ్రాలున్నాయి. పదమూడేళ్లుగా కేబుళ్లు లాగుతున్నాను. నిచ్చెనెక్కిన ప్రతిసారీ కింద ఎవడో ఒకడు, పడతావు పూంగొడీ, మగవాళ్లెవరూ రాలేదా అంటాడు. నేను ఇంతవరకూ పడలేదు. అన్నవాళ్లలో ఇద్దరు పడ్డారు.

ఆ వారం పని సింగానల్లూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. చెన్నై హెడ్డాఫీసుతో ముఖాముఖి మాట్లాడుకోవడానికి వీడియో గది కావాలన్నారు. గోడకు పెద్ద తెర, దాని మీద కెమెరా, బల్ల నడుమ మైకు. బిల్లింగు కంప్యూటర్లు లైనంతా మింగేసి బొమ్మ ఆగిపోకుండా నెట్‌వర్క్ స్విచ్‌లో వీడియోకి విడిగా దారి ఇచ్చాను. ఇదంతా చేతికి అలవాటైన పనే. నేను గొప్పలు పోయింది కెమెరా విషయంలో. ఎవరు మాట్లాడితే అది వాళ్ల వైపు తిరిగి, ముఖాన్ని దగ్గరగా చూపిస్తుంది. మేనేజరు వేలుసామిని గది నాలుగు మూలలా నిలబెట్టి మాట్లాడించాను. ఆయన ఎక్కడ గొంతెత్తితే అక్కడికి తిరిగింది. ముచ్చటపడిపోయి అయిదోసారి ఊరికే దగ్గి చూశాడు. దానికీ తిరిగింది.

ఆ గదికి లాగే కేబుల్, వైండింగు సెక్షను మీదుగా పోవాలి. మోటార్లకు రాగితీగ చుట్టే ఆడవాళ్లు అక్కడ ముప్పై మంది దాకా ఉంటారు. కేబుల్ చుట్ట జారిపోతుంటే, జరగమని కింద కూర్చున్న ఒకామె మీద నిచ్చెన పైనుంచి మూడుసార్లు అరిచాను. కదల్లేదు. ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చింది అనబోతుండగా పక్కనున్న ఈశ్వరి అనే అమ్మాయి లేచి ఆమె భుజం తట్టి జరిపింది.

ఆమెకు వినపడదని ఈశ్వరి చెప్పింది. ఆ సెక్షనులో పదకొండు మందికి వినపడదట. తీగ చుట్టడంలో వాళ్ల చేతికి ఎదురు లేదని కంపెనీయే ఏరి మరీ తీసుకుందట. సిగ్గుతో నిచ్చెన దిగాను. ఆమె పేరు తంగమణి, నలభై దాటిన మనిషి. నేను తిట్టబోయానని కనిపెట్టేసింది. నా మూతి విరుపును అచ్చు గుద్దినట్టు నాకే చేసి చూపించి, పగలబడి నవ్వింది. మధ్యాహ్నం తన డబ్బాలోని, బియ్యమూ పప్పూ కలిపి వండిన అరిసిపరుప్పు అన్నం సగం నా మూతలో పెట్టింది.

తింటూ ఉండగా ఈశ్వరి అసలు సంగతి చెప్పింది. నెల కిందట, సామాను మోసే బ్యాటరీ బండి వెనక్కి వస్తూ సైరన్ మోగించింది. తంగమణి తప్పుకోలేదు. డ్రైవరు బండిని పక్కకు తిప్పి ఇనుప రాక్‌కు గుద్దాడు. అతని కాలు విరిగింది. హెచ్చరికను లెక్కచేయలేదని తంగమణి మీద విచారణ పెట్టారు. నేరం రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. సైరన్ మాకు వినపడదు, బండికి ఎర్రదీపం పెట్టండని ఆ పదకొండు మందీ అంతకుముందే మూడుసార్లు దరఖాస్తు ఇచ్చారు. దీపం రాలేదు. విచారణ మాత్రం ఎల్లుండే, నేను బిగిస్తున్న గదిలోనే.

వినపడని మనిషి వినలేదని నేరం. మూడుసార్లు అరిచినదాన్ని నేను మాత్రం తక్కువ తిన్నానా?

విచారణ రోజున వేలుసామి నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టాడు. లైను తెగితే కలపాలి, తెగకపోతే నోరు మెదపకూడదని ముందే చెప్పాడు. తెర మీద చెన్నై నుంచి అముదవల్లి మేడమ్ కనిపించింది. తీర్పు చెప్పాల్సింది ఆమే. బల్లకు ఒకవైపు వేలుసామి, ఎదురుగా తంగమణి. తంగమణి చేతిమాటను నోటిమాటగా చెప్పడానికి పక్కన ఈశ్వరి.

నేను చేసిన ఘనకార్యం అప్పుడు బయటపడింది. తంగమణి చేతులతో చెబుతుంటే కెమెరాకు పట్టలేదు. ఈశ్వరి నోరు తెరిస్తే ఈశ్వరి ముఖం. వేలుసామి అడ్డం వస్తే వేలుసామి ముఖం. ఆయన అడ్డం రాని క్షణం లేదు. తంగమణి చెన్నైకి ఒక్కసారి కూడా కనిపించలేదు.

దీపం ఎప్పుడో అడిగామని ఈశ్వరి చెప్పగానే, దరఖాస్తులు ఇచ్చారా అని మేడమ్ అడిగింది. అలాంటిదేదీ తన దగ్గరకు రాలేదని వేలుసామి అన్నాడు. తంగమణి జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని నకళ్లు పైకెత్తింది. కెమెరా వేలుసామినే చూస్తోంది. కాగితాలున్నాయి మేడమ్ అని ఈశ్వరి అనగానే కెమెరా అటు తిరగబోయింది. వేలుసామి గట్టిగా దగ్గాడు. కెమెరా మళ్లీ ఆయన దగ్గరకే వచ్చేసింది. నేను నేర్పిన విద్య నా కళ్లముందే ప్రయోగిస్తున్నాడు.

"కాగితాలు నేను తర్వాత పంపిస్తాను మేడమ్. మీ టైము వృథా" అన్నాడు.

"సరే. ఆమె ఏమీ చెప్పడం లేదు కాబట్టి సమాధానం లేదని రాసుకుంటున్నాను" అంది మేడమ్.

తంగమణి కాగితాన్ని ఇంకా పైకెత్తి పట్టుకునే ఉంది. దించలేదు.

నేను లేచి బల్ల మీది రిమోట్ తీసుకున్నాను. కూర్చోమ్మా అని వేలుసామి గుడ్లురిమాడు. లైను బాగాలేదు సార్ అన్నాను. గొంతు వెంట తిరిగే పనిని ఆపేశాను. కెమెరాను తంగమణి వైపు తిప్పి, కాగితం మీదికి దగ్గర చేశాను. ముందు మసకగా ఉంది, తర్వాత అక్షరాలు తేలాయి. తెర నిండా కాగితమే.

మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది. సైరన్ మాకు వినపడదు, ఎర్రదీపం పెట్టించగలరు. కింద పదకొండు సంతకాలు. ఆ కింద, అందింది, వేలుసామి, జనవరి తొమ్మిది. తంగమణి రెండోది ఎత్తింది, మూడోది ఎత్తింది. మూడింటి కిందా అదే సంతకం.

వేలుసామి మేడమ్, మేడమ్ అంటున్నాడు.

"మీరు కనిపించడం లేదు, గొంతొకటే వస్తోంది. కాసేపు ఆగండి" అంది మేడమ్.

కెమెరాను కాస్త వెనక్కి తీశాను, తంగమణి ముఖమూ చేతులూ రెండూ కనిపించేలా. ఆమె తెర వైపు చూసింది. ఒక మూలన చిన్న గడిలో తన బొమ్మ కనిపించగానే భుజాలు నిటారయ్యాయి. చేతులు కదిపింది. ఈశ్వరి వెనక నిలబడి చెప్పింది.

"ఉద్యోగం కోసం బతిమాలడానికి రాలేదు. ఆ బండి రోజూ వస్తుంది. ఈసారి నా మీదికి ఎక్కుతుంది, లేకపోతే మిగతా పదిమందిలో ఒకరి మీదికి. నన్ను తీసేసినా దీపం పెట్టాల్సిందే."

మేడమ్ ఆరోపణ కొట్టేస్తున్నానంది. దీపం సంగతి ఫ్యాక్టరీ చూసుకోవాలని వేలుసామికి చెప్పింది. చూసుకుంటాను మేడమ్ అన్నాడాయన. ఆ చూసుకోవడం ఎలాంటిదో మూడు కాగితాలలో చదివినవాళ్లమే. వీడియో గది అప్పగింత పత్రంలో, ఇకపై కెమెరాను చూసుకునే మనిషి పేరు ఇంకా రాయలేదని నేను గుర్తు చేశాను.

"ఎవరి పేరు రాద్దామంటావు?" అని మేడమ్ అడిగింది.

"తంగమణి అక్క పేరు మేడమ్. చేతులతో మాట్లాడేవాళ్లున్న చోట కెమెరా ఎటు చూడాలో వాళ్ల చేతిలోనే ఉండాలి."

మేడమ్ నవ్వింది. రాసెయ్యమంది.

సాయంత్రంలోపే వేలుసామి ఫిర్యాదు అంది, నన్ను పనికి పంపే మా ఓనరు ఫోన్‌లో నన్ను దులిపేశాడు. వచ్చే నెల చెన్నై పని నీకు లేదు, నీ పని నువ్వు చూసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావన్నాడు. నా పనే చూసుకున్నాను, కెమెరా తిప్పానంతే అన్నాను. అప్పటికే తంగమణికి రిమోట్ మీద ప్రతి మీటా నేర్పేశాను. తీగ లెక్క తప్పని మనిషి, రెండోసారి చూపించనివ్వలేదు. కెమెరా పద్ధతి మార్చడానికి కావలసిన పాస్‌వర్డ్ తనే మార్చింది. అది నా కంట పడకుండా నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు సామాన్లు సర్దుకుంటుంటే వేలుసామి వచ్చాడు. మళ్లీ పాత పద్ధతిలోకి మార్చాలి, పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. నాకు తెలియదు సార్, అక్కనే అడగండి అన్నాను. ఈశ్వరి కోసం చూశాడు. ఆమె తీగ చుట్టడంలో తలమునకలైనట్టు నటిస్తోంది. చేసేది లేక జేబులోంచి కాగితం తీసి, తనకు కావలసింది రాసి తంగమణి ముందు పెట్టాడు. మాకు తెలిసి ఆయన ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

తంగమణి చేతులు తుడుచుకుంది. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. ఆయన పెన్నే అడిగి తీసుకుని కింద ఒక ముక్క రాసి ఇచ్చేసింది.

"బండికి దీపం వెలిగిన రోజున ఇస్తాను."

కిందే సంతకం పెట్టి, తేదీ వేసింది.