యాభై నాలుగు పూతలు

ఉలి దెబ్బకు ఊడిన సున్నం పెచ్చును ఒటీలియా భూతద్దం కింద పెట్టి మూడోసారి లెక్కపెట్టింది. యాభై నాలుగు పూతలు.

పక్క గోడ నుంచి ఇంకో పెచ్చు తీసింది. నూట ముప్పై దాటాక లెక్క ఆపేసింది.

రెండూ ఒకే ఇంటి గోడలు. డాబా మీద ఒకే మూలలో కలుస్తాయి. ఒల్యావ్ రేవులో ఇంట్లో చావు జరిగినా సరే, ఏటా ఈస్టర్‌కు ముందు గోడకు సున్నం పడాల్సిందే. ఏడాదికో పూత, పూత మీద పూత. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లో పాత ఇళ్లు బాగుచేస్తున్న మేస్త్రీ ఒటీలియా. పెచ్చు చూసి గోడ వయసు చెప్పడం ఆమెకు కొట్టిన పిండి.

ఈ గోడ పుట్టింది 1972లో.

ఆ ఏడాది నవంబరులోనే ఎర్మీనియో పడవ బోర్లాపడి ఇసుకమేటకు కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు. ఆఫ్రికా యుద్ధానికి రమ్మని సైన్యం నుంచి కాగితం వచ్చిన తొమ్మిదో రోజది. ఎర్మీనియో ఒటీలియా తల్లి ఫెలిస్మీనాకు మొగుడు. ఒటీలియాకు మాత్రం ఏమీ కాడు. ఆమె పుట్టింది 1975 మార్చిలో.

మొగుడు పోయిన రెండేళ్లకు నల్లబట్టల్లో ఉన్న మనిషికి కడుపు! ఊరు ఊరుకుంటుందా? చేపల డబ్బాల ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు అంటగట్టింది. బడిలో ఒటీలియాను డబ్బాపిల్ల అనేవారు. "నీ డబ్బాకి మూత బిగించిందెవరే?" అని వీధి చివరిదాకా వెంటపడేవారు. "నాన్న ఎవరమ్మా?" అని ఆమె ఏడేళ్లప్పుడు అడిగింది, పెళ్లినాడు అడిగింది, యాభయ్యో పుట్టినరోజున కూడా అడిగింది. తల్లి ఒక్కసారీ నోరు విప్పలేదు.

"ఏం పిల్లా, మీ అమ్మ బజారుకెళ్లింది చూసి ఇల్లు కూలగొడుతున్నావా?"

పక్క డాబా మీద ముసలి జెఫెరీనో తీగకు ఆక్టోపస్‌లు ఆరేస్తున్నాడు. రెండు డాబాల మధ్య ఉన్నది నడుమెత్తు గోడే.

"చెమ్మ దిగుతోంది బాబాయ్. వంటింట్లోకి కారుతోంది."

"కారనీ. ఆ గోడ ముట్టుకుంటే ముసలిది నీ చెవులు మెలేస్తుంది."

"మెలెయ్యడానికి అందాలిగా. ఇప్పుడు తను నా భుజం దాకా కూడా లేదు."

జెఫెరీనో నవ్వలేదు. చేతిలో ఆక్టోపస్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఒటీలియా సుత్తితో గోడంతా తట్టుకుంటూ పోయింది. పడవలు కనబడతాయేమోనని చూడ్డానికి డాబా మీద కట్టిన చిన్న మేడకు ఎక్కే మెట్ల పక్కగోడ అది. మెట్ల కింద నిండా రాళ్లూ మట్టీ అని తల్లి చెప్పేది. కానీ సుత్తి దెబ్బకు బోలుగా మోగింది. బట్టలుతికే తొట్టి వెనక, కిందుగా, ఒకచోట చప్పుడు మళ్లీ మారింది. అక్కడా పెచ్చు తీసింది. యాభై రెండు పూతలు.

గోడ 1972ది. అందులో ఈ చదరం మాత్రం 1974ది. మనిషి పాక్కుంటూ పట్టేంత చదరం.

తలుపు!

నాలుగు దెబ్బలకు ఇటుకలు లోపలికి కూలాయి. ఆమె టార్చి పట్టుకుని పాక్కుంటూ దూరింది.

గడ్డి పరుపు. ఎనామిల్ గిన్నె, అందులో చెంచా. వలలు అల్లే చెక్కసూది, దానికి ఇంకా చుట్టి ఉన్న దారం. మెట్టు కింద పిడికెడంత కన్నం. అందులోంచి సందులో బారెడు మేర కనబడుతోంది. గోడంతా గీతలు, ఏడేసి గీతలకో అడ్డగీత. నెలల పేర్లు వడ్రంగి పెన్సిలుతో రాసి ఉన్నాయి. మొదటిది నవంబరు 72.

అయితే అతను మునిగిపోలేదన్నమాట. యుద్ధం తప్పించుకోవడానికి ఇక్కడ దాక్కున్నాడు.

టార్చి గీతల వెంట కదిలింది. ఫిబ్రవరి 74. మార్చి. ఏప్రిల్. ఏప్రిల్ 25న నియంత కూలిపోయాడు. సైనికులు తుపాకుల్లో పువ్వులు పెట్టుకుని తిరిగారు. దాక్కున్నవాళ్లంతా వీధుల్లోకొచ్చి ఏడ్చారు. గీతలు అక్కడ ఆగాలి.

ఆగలేదు. మే 74. జూన్. జూలై.

ఆగస్టు 12 దగ్గర ఆగాయి. దాని కింద ఒకే వాక్యం: "ఇవాళ జెఫెరీనో పట్టపగలు సందులో నవ్వుకుంటూ నడిచి వెళ్లాడు." ఎర్మీనియోలాగే యుద్ధం కాగితం అందుకుని పరారైనవాడు జెఫెరీనో; అప్పట్లో పగలు కనబడితే జైలే.

ఆమె వేళ్లు మడిచి లెక్కవేసింది. మార్చి నుంచి వెనక్కి తొమ్మిది నెలలు. జూన్.

బయట బుట్ట పడ్డ చప్పుడైంది.

పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఫెలిస్మీనా డాబా మధ్య నిలబడి ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, అదే నల్ల గుడ్డ తలమీద. కాళ్ల చుట్టూ సార్డిన్ చేపలు.

"పగలగొట్టావా?"

"అమ్మా, జూన్‌లో అతను ఇక్కడే ఉన్నాడు."

"ఉన్నాడు."

"అయితే నేను..."

"వాడి కూతురివే. ఇంకెవరి కూతురివి?"

ఒటీలియా తొట్టి అంచు పట్టుకుంది. "ఏప్రిల్‌లో అంతా అయిపోయిందిగా! ఆగస్టుదాకా ఎందుకున్నాడు?"

"నేను చెప్పలేదు కాబట్టి."

"ఏంటి?"

"బాణాసంచా మోత వింటే తిరునాళ్లన్నా. మే ఒకటిన ఊరంతా కేకలు పెడుతుంటే మన జట్టు కప్పు గెలిచిందన్నా. నమ్మాడు. నా మాట కాక ఇంకేం వినేవాడు?" ముసలామె తలగుడ్డ సర్దుకుంది. "మా నాన్నని సముద్రం తీసుకుంది. ఇద్దరన్నల్నీ తీసుకుంది. ఆ గోడ వెనక ఉన్నన్నాళ్లూ వీణ్ణి తీసుకోలేకపోయింది. రోజూ పొద్దున్నే ఇవాళ చెబుదాం అనుకునేదాన్ని. నూట తొమ్మిది రోజులు అనుకున్నా."

"నన్ను డబ్బాపిల్ల అన్నారమ్మా! నిన్నేమన్నారో నీకు తెలీదా?"

"తెలుసు. వాళ్లన్న మాట నేను చేసిన పనికంటే చిన్నదే తల్లీ. నీకు తండ్రి పేరు చెబితే ఇదంతా చెప్పాలి."

"ఆ తర్వాత?"

"ఆ పన్నెండో తారీఖున బయటికొచ్చాడు. ఎన్నాళ్లయిందని ఒక్కమాటే అడిగాడు. చెప్పాను. రేవుకెళ్లి పడవెక్కాడు. మళ్లీ రాలేదు. ఆ దారి నేనే ఇటుకలు పెట్టి మూసేశాను. నువ్వు కడుపులో ఉన్నావని నాకే తెలీదప్పటికి." ఆమె కూలిన ఇటుకల వైపు చూసింది. "దేనికి చిక్కకుండా దాచానో ఆ సముద్రానికే ఇచ్చుకున్నాను."

"ఇవ్వలేదు ఫెలిస్మీనా."

తల్లీకూతుళ్లిద్దరూ తిరిగారు. జెఫెరీనో అడ్డగోడ మీద రెండు చేతులూ ఆనించి ఉన్నాడు. ముఖం గోడకంటే తెల్లగా ఉంది.

"ఆ పడవ నాదే. స్పెయిన్ ఒడ్డున దింపొచ్చాను. అక్కణ్ణుంచి మార్సెయ్ వెళ్లాడు. ఓడలు కట్టేచోట పనిచేశాడు. నువ్వు వాడికి నిజం దాచావు, తను బతికున్న సంగతి వాడూ నీకు దాచేస్తానన్నాడు. చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు."



"పిల్ల సంగతి?" అంది ఒటీలియా. "నా సంగతి చెప్పావా బాబాయ్?"

జెఫెరీనో తలదించుకున్నాడు. "సూపర్‌వైజరు కూతురివే అనుకున్నానమ్మా. ఊరంతా అన్నదే నేనూ నమ్మాను. అసలే మండిపోయి ఉన్నాడు, ఇది కూడా చెప్పి చంపడం ఎందుకని... నేను నెలలు లెక్కపెట్టలేదు."

"యాభై ఏళ్లు! పక్కింట్లో ఉండి!"

"ఏటా ఈస్టరు తర్వాత ఫోన్ చేసేవాణ్ణి. వాడు అడిగేది ఒకటే."

"బతికే ఉన్నాడా?"

జెఫెరీనో జేబులోంచి ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి మోగింది. ఒటీలియా అతని చేతిలోంచి లాక్కుని, స్పీకర్ పెట్టి తొట్టి అంచు మీద ఉంచింది.

ఆరోసారి మోగాక ఎవరో ఎత్తారు. దగ్గు. ఆ వెనకే ముసలి గొంతు, ఒల్యావ్ రేవు యాస కాస్తయినా పోని గొంతు.

"ఏరా జెఫెరీనో, ఈస్టరు కాదుగా ఇప్పుడు? దానికేమైనా అయిందా? ఈ ఏడు సున్నం వేసిందా లేదా?"

ఫెలిస్మీనా చేపల మధ్యే కూలబడింది.

ఒటీలియా ఫోన్ మీదికి వంగింది. చేతుల నిండా సున్నం.

"వేసింది," అంది. "యాభై నాలుగో పూత. నేనే లెక్కపెట్టాను. గోడ ఇవాళ పగలగొట్టాను."

అవతల దగ్గు ఆగిపోయింది.

"ఎవరమ్మా నువ్వు?"

"1975 మార్చిలో పుట్టాను," అంది ఒటీలియా. "మీరు కూడా నెలలు లెక్కపెట్టండి. నేను ఫోన్ పెట్టెయ్యను."