దిబ్బ మొదట్లో పాలు

బర్మాలో రంగం రేవుకి దగ్గరి ఇన్సేన్ రైలు కార్ఖానా వెనక గుండ్రటి మట్టిదిబ్బ ఒకటుంది, నడినెత్తిన ముళ్ళచెట్టుతో. చుట్టూ నేలంతా చదును చేయించి, దాని జోలికి మాత్రం పోవద్దన్నాడు ఐర్లండు నుంచొచ్చిన డోలన్ దొర. పైగా రోజూ పొద్దువాలే వేళకి గ్లాసుడు పాలు తెచ్చి దాని మొదట్లో పోసేవాడు. దొరకి మతి చలించిందని మట్టిపని ముఠా అంతా ఒకటే నవ్వు.

ఆ ముఠాలో పైడితల్లి ఒక్కతే నవ్వలేదు. ఏం నవ్వుతుంది పాపం! పసిబిడ్డని పాతిపెట్టిన చోట పాలు పొయ్యడం వాళ్ళ ఊరి ఆచారం. దొర బిడ్డే అక్కడుందనుకుంది. మూడేళ్ళ కిందట విశాఖపట్నంలో ఓడెక్కి రంగం వస్తుంటే, తన నాలుగేళ్ళ దేముడమ్మ జ్వరమొచ్చి పోయింది. ఓడవాళ్ళు గోనెలో చుట్టి సముద్రంలో వేసేశారు. పాలు పోద్దామంటే పిడికెడు మట్టయినా లేదే! ఆ బాధ ఆమెని ఒక్కపూట వదల్లేదు.

ఒక సాయంత్రం దొర పాలు తెచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేసింది. "ఎన్నేళ్ళ పిల్ల, బాబూ?"

"ఏ పిల్ల?" అన్నాడు దొర. పదేళ్ళుగా తెలుగువాళ్ళతో పనిచేసినవాడు, మాట బాగానే వచ్చు. ఆమె అనుకున్నది విని నవ్వబోయి ఆగిపోయాడు. "ఇది గోరీ కాదు. మా దేశంలో ఇలాంటి దిబ్బల్లో చిన్నచిన్న మనుషులుంటారు. వాళ్ళ ఇల్లు తవ్వితే ఊరుకోరు. నచ్చిన పిల్లల్ని ఎత్తుకుపోతారు. మా తమ్ముణ్ణి అలాగే తీసుకుపోయారనేది అమ్మ. లోపల ఆడుకుంటూ ఉంటాడట. ఎన్నాళ్ళయినా ఆరేళ్ళేనట."

"మరి ఆకలేస్తే?"

"అందుకే పాలు."

"సముద్రంలో పిల్లల్ని కూడా తీసుకెల్తారేటి, బాబూ?"

దొర ఇన్ని సముద్రాలు దాటొచ్చి, కనిపించిన దిబ్బకల్లా తమ్ముడి కోసం పాలు పోస్తున్నవాడు. చేతిలో పాలగ్లాసు ఆమెకిచ్చేశాడు.

పైడితల్లి దిబ్బ మొదట్లో కూచుంది. మూడేళ్ళుగా నోట రాని పేరు పెట్టి పిలిచింది. "దేముడమ్మా, తాగవే అమ్మా," అంటూ గ్లాసు వంచింది. బిడ్డ కోసం రేవు నీళ్ళల్లో ఎన్నిసార్లు పాలు పోసిందో! తెల్లగా తేలి, నీళ్ళవెంట పోయేవి. ఇక్కడ నెర్రెలిచ్చిన నేల, పోసినవి పోసినట్టే లోపలికి ఇంకిపోయాయి.

"తాగేసింది బాబూ," అంది ఏడుస్తూ, ఖాళీ గ్లాసు చూపించి. "ఎంతాకలి మీదుందో. మీ తమ్ముడికి కూడా ఉంచలేదు."